గువ్వను తలుచుకోవడానికి అనుమతి

మనిషి చచ్చిపోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ విషయంలో ప్రభుత్వం మొదటినుంచీ ఉదారంగానే ఉంది. కాని చచ్చిపోయిన మనిషిని నలుగురూ కలిసి ఒక బహిరంగ స్థలంలో తలుచుకోవాలంటే మాత్రం నగరపాలక సంస్థవారి బహిరంగ సంతాప అనుమతుల విభాగం ఒప్పుకోవాలి. లేకపోతే ఎవరు పడితే వాళ్ళు ఎవరిని పడితే వాళ్ళను గుర్తుపెట్టుకుని, ఊరంతా ఏడుపుతో స్తంభించిపోయే ప్రమాదం ఉంది. (ఇంతవరకూ ఎక్కడా అలా స్తంభించిన దాఖలా లేదు. విభాగం సమర్థంగా పనిచేస్తోందనడానికి అదే రుజువు.)

ఈ విభాగం పాత భవనం రెండో అంతస్తులో, కుక్కల లైసెన్సుల గదికీ హోర్డింగుల పన్ను గదికీ మధ్య ఉంటుంది. నియమావళి దుఃఖాన్ని మూడు తరగతులుగా విడదీసింది. రక్తసంబంధ దుఃఖం, ఉద్యోగసంబంధ దుఃఖం, విగ్రహస్థాయి దుఃఖం. మొదటిదానికి కిటికీ పక్క కౌంటరు, రెండోదానికి ఫ్యాను కింద కౌంటరు. మూడోదానికి కౌంటరు లేదు, ఆ తరగతివాళ్ళ ఇంటికి అధికారులే వెళతారు. ఈ మూడింటిలోనూ పట్టని దుఃఖం ఎవరికైనా ఉంటే ఇంట్లో తలుపేసుకుని పడవచ్చు. దానికి ప్రస్తుతానికి రుసుము లేదు.

అలాంటి ఎక్కడా పట్టని దుఃఖంతోనే పెద్దక్క ఆ మెట్లెక్కింది.

పెద్దక్కకు బజారు వీధి చివర బ్యూటీ పార్లర్ ఉంది. పుట్టినప్పుడు ఆమెను అందరూ అబ్బాయి అనుకున్నారు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆమె మాత్రం ఒప్పుకోలేదు. అదే గొడవతో ఇళ్ళలోంచి గెంటేయబడ్డవాళ్ళూ, గెంటేదాకా ఎందుకని తామే వచ్చేసినవాళ్ళూ ముందు చేరేది ఆ పార్లర్ వెనక గదికే. అక్కడ వాళ్ళకు ఒక చాప, ఒక కంచం, బోలెడన్ని చీవాట్లు దొరికేవి. అందుకే ఆమె అందరికీ పెద్దక్క.

గువ్వ కూడా అలా వచ్చినదే. ఆ పేరు తనకు తానే పెట్టుకుంది. మిగతావాళ్ళు దేవతల పేర్లూ మహారాణుల పేర్లూ సూచిస్తే, అంత బరువు మోయలేనని చెప్పి గువ్వ దగ్గర ఆగింది. పని నేర్చుకున్నాక దారంతో కనుబొమలు తీర్చడంలో ఆమెకు సాటి లేదు. కాకపోతే పని చేస్తున్నంతసేపూ కబుర్లు చెప్పి నవ్వించేది. నవ్వితే మొహం కదులుతుంది కదా, అందుకని ఆ పేటలో చాలామంది ఆడవాళ్ళకు ఎడమ కనుబొమ కుడిదానికన్నా వెంట్రుకవాసి పైకి ఉండేది. ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.

ఆ గువ్వను, పార్లర్ కట్టేసి ఇంటికి నడిచి వెళుతుంటే, కారులో వచ్చిన ముగ్గురు ఆపి ఎగతాళి చేశారు. ఆమె బదులు చెప్పింది. బదులు చెప్పినందుకు కొట్టారు, కింద పడ్డాక కూడా కొట్టారు. చుట్టూ కొట్లు తెరిచే ఉన్నాయి. గుర్తు తెలియని వ్యక్తుల మీద కేసు నమోదైంది. (ఆ వీధిలో ఎవరి బండి ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో కంఠతా వచ్చిన స్టేషనుకు, ఈ ముగ్గురు మాత్రం గుర్తుకు రాలేదు.)

పెద్దక్క తలుచుకుందామనుకున్నది గువ్వ ఒక్కదాన్నే కాదు. ఆ ఏడు ఇంకొకామె కడుపునొప్పితో ఆసుపత్రికి వెళ్ళి, మగవాళ్ళ వార్డులో చేర్చాలా ఆడవాళ్ళ వార్డులో చేర్చాలా అన్నది తేలేలోపు వరండాలోనే పోయింది. (ప్రశ్న ఇంకా పరిశీలనలో ఉంది.) అందరూ బామ్మ అని పిలిచే పెద్దావిడ ముసలితనంతో, తన మంచం మీద, నిద్రలో పోయింది. అది వాళ్ళలో ఎంత అరుదంటే, దాన్ని ప్రత్యేకంగా తలుచుకుని తీరాలని అందరూ పట్టుబట్టారు. అయితే అర్జీకి ఒక్కరే అన్నది నియమం. మిగతా ఇద్దరికీ వెనకా ముందూ ఎవరూ లేరు. కనుక గువ్వ పేరుమీదే వెళ్ళింది.

కిటికీ పక్క కౌంటరులో గుమాస్తావిడ తలెత్తింది. ఆవిడ ఎడమ కనుబొమ కాస్త పైకి ఉంది. పెద్దక్క ఆ చేతిపనిని వెంటనే గుర్తుపట్టింది.

“పోయినవాళ్ళు మీకు ఏమవుతారండీ?” అని గుమాస్తావిడ అడిగింది.

“చెల్లెలు.”

“సొంత చెల్లెలేనా?”

“తనని సొంతం అన్నవాళ్ళు ఇంకెవరూ లేరు. కాబట్టి నాకే సొంతం.”

కంప్యూటరు ఈ జవాబును స్వీకరించలేదు. తర్వాత గుమాస్తావిడ గువ్వ అని పేరు కొట్టింది. కంప్యూటరు అదీ స్వీకరించలేదు. మరణ ధ్రువీకరణ పత్రంలో ఉన్నది వేరే పేరు. ఇరవయ్యేళ్ళ కిందట ఒక మగపిల్లవాడికి పెట్టింది. (ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. కావలసినవాళ్ళు ఆఫీసులో అడగవచ్చు, అక్కడ అదొక్కటే దొరుకుతుంది.)

గుమాస్తావిడ తెర వంక చూసి, పెద్దక్క వంక చూసి, గొంతు తగ్గించింది. “గువ్వ నాకు తెలుసండీ. నెలకోసారి వచ్చేదాన్ని కదా. కానీ ఆఫీసుకి తెలీదు.”

ఆవిడ తన చేతిలో ఉన్నంత సాయం చేసింది. అర్జీ తానే రాయడానికి కూర్చుంది. మొదటి వాక్యంలోనే కలం ఆగింది. తెలుగులో మనిషి ఊరికే చనిపోవడానికి వీల్లేదు. చనిపోయాడో, చనిపోయిందో తేల్చుకుని చనిపోవాలి. ‘పోయాడు’ అని రాస్తే పెద్దక్క ఊరుకోదు, ‘పోయింది’ అని రాస్తే రికార్డు ఊరుకోదు. చాలాసేపు ఆలోచించి, కొన్ని తరాల గుమాస్తాలు మనకు ఇచ్చిపోయిన ఉపాయాన్ని ఆవిడ వాడింది. ‘సదరు వ్యక్తి మరణించడం జరిగింది’ అని రాసింది. అందులో ఎవరూ చంపలేదు, ఎవరూ చావలేదు. జరిగింది, అంతే. ఆ వాక్యం చదివి పోలీసువారు కూడా సంతృప్తి చెందుతారు.

అర్జీ లోపలి గదిలోని సంతాపాధికారి దగ్గరికి వెళ్ళింది. (అదనపు బాధ్యతలు: వీధి దీపాలు.) ఆయన చెడ్డ మనిషి కాదు. పెద్దక్కను కూర్చోమన్నాడు. సార్ అనాలో మేడమ్ అనాలో తేలక, ఎవరినీ నొప్పించకుండా, మాట్లాడినంతసేపూ ‘తమరు’ అన్నాడు. రికార్డులో ఉన్న మనిషిని తలుచుకుంటే తనకేమీ అభ్యంతరం లేదనీ, లేని మనిషిని తలుచుకోవడమే చిక్కనీ చెప్పాడు.

“రికార్డు ప్రకారం గువ్వ అనే ఆవిడ చనిపోలేదు” అన్నాడు, కాస్త ఊరటగా ఉంటుందన్నట్టు.

“మరి ఎక్కడుందండీ?”

“అసలు పుట్టలేదు. పుట్టకుండా ఎలా చనిపోతారు?”

అంచేత పాత పేరుతోనే కార్యక్రమం జరుపుకోవాలనీ, దానికి రక్తసంబంధీకులు ఎవరైనా తమకు దుఃఖం ఉన్నట్టు, లేదా కనీసం ఇతరుల దుఃఖానికి అభ్యంతరం లేనట్టు సంతకం చేయాలనీ తేల్చాడు. పెద్దక్కకు కోపం వచ్చింది. కానీ కోపానికి వేరే విభాగం, వేరే భవనం. లేచి వచ్చేసింది.

గువ్వకు ఒక అన్న ఉన్నాడు. ఊరవతల పెద్ద రోడ్డు మీద టైర్లకు పంక్చర్లు వేస్తాడు. పెద్దక్క వెళ్ళేసరికి లారీ చక్రం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే ఎవరో, ఎందుకొచ్చిందో అర్థమైనట్టుంది, చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టి చాలాసేపు తుడుస్తూనే ఉన్నాడు. ఆమె సంగతి చెప్పింది. ఇంట్లో తెలిస్తే నాన్న ఊరుకోడన్నాడు. తెలియనివ్వనంది. కాగితం చదవకుండానే సంతకం పెట్టాడు, మూలన గ్రీజు వేలిముద్ర కూడా పడింది. (తర్వాత ఆఫీసు ఆ వేలిముద్రను అదనపు ధ్రువీకరణగా మెచ్చుకుంది.)

ఆమె బయల్దేరుతుంటే వెనకనుంచి అడిగాడు. “మీ దగ్గర ఉన్నప్పుడు సరిగ్గా తినేదాండీ? చిన్నప్పుడు అన్నం దగ్గర మహా పేచీ.”

తినేదాండీ అన్నాడు. పెద్దక్క ఆ మాట విని ఆగింది. రెండు గదులూ ఒక కంప్యూటరూ తేల్చలేనిదాన్ని ఆ మనిషి చక్రం పక్కన నిలబడి, తనకే తెలియకుండా తేల్చేశాడు. నా కంచంలోంచి కూడా లాక్కుని తినేది నాయనా, అని చెప్పి వచ్చేసింది.

అనుమతి వచ్చింది, షరతులతో సహా. పార్కులో ఉయ్యాలలకూ పనిచేయని ఫౌంటెనుకూ మధ్య మూల కేటాయించారు. ఫొటో పెట్టరాదు, ఎందుకంటే ఫొటోలోని మనిషికీ రికార్డులోని మనిషికీ పోలిక లేదు. అనుమతి పొందని ఇతర మృతులను తలవరాదు. రక్తసంబంధీకులు మినహా ఎవరూ ప్రసంగించరాదు. మౌనం పాటించవచ్చు గాని, అది అనుమతి పొందిన వ్యక్తికి సంబంధించిన మౌనం మాత్రమే అయి ఉండాలి.

ఆ సాయంత్రం పార్లర్ గదిలో పెరిగినవాళ్ళంతా వచ్చారు. సెలవు దొరికినవాళ్ళు ముందే వచ్చి చాపలు పరిచారు. గుమాస్తావిడ కూడా వచ్చింది, సొంత పనిమీద అటుగా వెళుతున్నట్టు. నగరపాలక సంస్థ అచ్చువేయించిన బ్యానరు మీద ఎవరికీ తెలియని ఒక మగవాడి పేరు పెద్ద అక్షరాలతో ఉంది. నడకకు వచ్చిన ఒక పెద్దమనిషి ఆగి, పాపం ఎవరండీ ఈయన అని అడిగాడు. మాకూ తెలీదండీ, ఇవాళే పరిచయం, అంది చాప మీద కూర్చున్న ఒకామె.

సంతాపాధికారి స్వయంగా పర్యవేక్షణకు వచ్చాడు. అందరూ లేచి తలలు వంచుకున్నారు. పార్కులో ఉయ్యాల గొలుసు చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఆయనకు అప్పుడు కష్టం తెలిసొచ్చింది. మౌనం పైకి ఒకేలా ఉంటుంది. లోపల ఎవరు ఎవరిని తలుచుకుంటున్నారో కనిపెట్టే పరికరం విభాగం దగ్గర లేదు. (టెండరు పిలిచారు, ఎవరూ రాలేదు.) చప్పుడు కాకుండా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, తమరి మౌనం ఎవరి గురించండీ అని మెల్లగా వాకబు చేశాడు. ఒకామె బ్యానరు వైపు వేలు చూపింది. ఒకామె, నేను ఎప్పుడూ ఇంతేనండీ, తక్కువ మాట్లాడతాను, అంది. బామ్మ మంచం పక్కన చివరిదాకా కూర్చున్నామె కళ్ళు తెరవలేదు. ఆయన రెట్టించలేదు.

ఇక ప్రసంగం. అర్హత ఉన్నది ఒక్కడికే. రాడేమో అనుకున్నారు గాని వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. బ్యానరు ముందు నిలబడి, దానిమీద ఉన్న పేరు ఒకసారి చదివాడు.

“వీణ్ణి మా ఇంట్లోంచి మేమే పంపేశాం” అన్నాడు. “తలుపు వేసింది నేను. అక్కడిదాకే నాకు తెలుసు. ఆ తర్వాత గువ్వంట. గువ్వ సంగతి నాకు ఏమీ తెలీదు. మీరు చెబితే వింటాను.”

చెప్పి అక్కడే చాప మీద కూర్చున్నాడు.

సంతాపాధికారి నియమావళి తిరగేశాడు. ఇతరులు ప్రసంగించరాదని ఉంది. కాని రక్తసంబంధీకుడు వివరణ కోరితే ఇవ్వరాదని ఎక్కడా లేదు. పైగా అడిగినదానికి జవాబివ్వకపోవడం పౌరుడి సమాచార హక్కుకు భంగం. ఆయన నిజాయితీపరుడు. పుస్తకం మూసేశాడు.

అలా వివరణలు మొదలయ్యాయి. నీళ్ళు రాని రోజున గువ్వ పక్కింటి మేడమీది ట్యాంకుకు గొట్టం ఎలా తగిలించిందో ఒకామె వివరించింది. పార్లర్‌కు వచ్చిన పెళ్ళికూతురు ఏడుస్తుంటే, ముందు కళ్ళు తుడిపించి, తర్వాత ఆ పెళ్ళి ఎలా ఆపించిందో ఒకామె వివరించింది. వరండాలో పోయినామె గువ్వకు ఈల వేయడం నేర్పింది కాబట్టి ఆమె గురించి కూడా సందర్భవశాత్తూ వివరించాల్సి వచ్చింది. ఆ ఈల వినలేక బామ్మ చెవుల్లో దూది పెట్టుకునేది కాబట్టి బామ్మ గురించి కూడా. గుమాస్తావిడ లేచి, తన ఎడమ కనుబొమ చూపించి కూర్చుంది. అందరూ పగలబడి నవ్వారు. అన్న కూడా నవ్వబోయాడు. నవ్వు మధ్యలో ఎక్కడో తప్పిపోయి, మొహం చేతుల్లో దాచుకున్నాడు. పెద్దక్క వెళ్ళి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. ఆమెకు చీవాటు పెట్టబుద్ధి అయింది, పెట్టలేదు.

అధికారి నివేదిక రాసుకున్నాడు. మౌనం పాటించడం జరిగింది. వివరణ ఇవ్వడం జరిగింది. నవ్వడం కూడా జరిగింది. చివరి వాక్యాన్ని కాసేపు చూసి, కొట్టేయకుండా ఉంచేశాడు.

అందరూ చాపలు చుడుతుంటే ఆయన పెద్దక్క దగ్గరికి వచ్చాడు. కార్యక్రమం క్రమశిక్షణగా జరిగిందని మెచ్చుకున్నాడు. వచ్చే ఏడాదీ చేసుకునేట్టయితే ఇంత హడావిడి పడవద్దనీ, అర్జీ ఇప్పుడే పెట్టేస్తే స్థలం దొరుకుతుందనీ, అర్జీకి ఒక్కరే అన్న నియమం కూడా తాను పైవాళ్ళతో మాట్లాడి సడలింపజేస్తాననీ చెప్పాడు. మనస్ఫూర్తిగానే చెప్పాడు.

“ఇప్పుడే పెడితే ఎవరి పేర్లు రాయాలండీ?” అంది పెద్దక్క. “ఈ ఏడు పోయినవాళ్ళని తలుచుకున్నాం కదా.”

“ఈ లోపల పోయేవాళ్ళవి.”

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఒకామె చెప్పులు వెతుక్కుంటోంది. ఇద్దరు చాపకు చెరోవైపు పట్టుకుని దుమ్ము దులుపుతున్నారు. ఇంకొకామె ఉయ్యాల ఖాళీ అయిందని ఎక్కి కూర్చుని ఊగుతోంది.

“ఎవరో ఇంకా తెలీదు కదండీ” అంది.

అధికారి కాస్త ఆలోచించాడు. ఆమెను ఇబ్బంది పెట్టడం ఆయనకు ఇష్టం లేదు.

“పేర్లు తర్వాత చూసుకుందాంలెండి. ప్రస్తుతానికి ఎంతమందో అంచనాగా వెయ్యండి, సరిపోతుంది.”