దెయ్యం బతకాలంటే అరవాలి

బాగున్న అమ్యూజ్‌మెంట్ పార్కుకు పిల్లల్ని తీసుకెళ్ళే తల్లిదండ్రులంత దుర్మార్గులు లోకంలో మరొకరు లేరు! కోప్పడకండి. నిదానంగా నిరూపిస్తాను.

కొత్త పార్కులో ఏముంటుంది? క్యూ ఉంటుంది. అది దాటితే ఇంకో క్యూ. రెండు నిమిషాల గింగిరాల కోసం పూటంతా ముందువాడి వీపు చూస్తూ నిలబడాలి. వీపులు చూడటానికి టికెట్టెందుకండీ? బస్టాపులో ఫ్రీగా కనిపిస్తాయి!

కాబట్టి పార్కంటే పాడైపోయిన పార్కే. చిన్నప్పుడు నాన్న మమ్మల్ని తీసుకెళ్ళిన సముద్రపొడ్డు పార్కుకు మొన్న ఆదివారం మా చెల్లెలితో కలిసి వెళ్ళొచ్చాను. ఆహా, ఎంత చక్కగా పాడైందండీ! గేటుకు ఒక రెక్కే ఉంది. టికెట్లిచ్చే అమ్మాయి మమ్మల్ని చూసి, దారి తప్పి వచ్చామనుకుని బస్టాపు ఎటో చెప్పింది. కస్టమరు మీద ఇంత దయ కొత్త పార్కుల్లో ఉందా?

ఉప్పుగాలికి అన్నీ తుప్పు పట్టాయి. తుప్పు పట్టినవాటిని తప్పు పట్టే అలవాటు మనం మానుకోవాలి. పచ్చరంగు పెచ్చులూడిన చోట నీలం, నీలం ఊడిన చోట నా చిన్నప్పటి ఎరుపు! మీ బాల్యాన్ని ఇన్ని కోటింగుల కింద భద్రంగా ఎవరు దాచిపెడతారు చెప్పండి?

జెయింట్ వీల్ సంగతి చూడండి. అప్పట్లో అది గిర్రున తిరిగేది. సముద్రం కనిపించేలోపే కళ్ళు తిరిగేవి. ఇప్పుడది జెయింట్ వీల్ కాదు, తన వీలును బట్టి తిరిగే వీలు! మనల్ని పైకి తీసుకెళ్ళి ఆగిపోతుంది. కింద ఆపరేటరు టీ తాగి, గ్లాసు కడుక్కుని, ఒళ్ళు విరుచుకుని, అప్పుడు చేత్తో ఒక తోపు తోస్తాడు. అంతసేపు సముద్రం చూపించినందుకు స్టార్ హోటలువాడైతే బాల్కనీ చార్జీ గుంజేవాడు.

డాషింగ్ కార్లలో రెండే కదులుతాయి. గుద్దుకోవాలంటే ముందు అపాయింట్‌మెంట్ తీసుకోవాలి! రంగులరాట్నం గుర్రాల్లో ఒకదానికి తల లేదు. పిల్లలకు ఊహాశక్తి ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నారు? ఇక నవ్వుల అద్దాలు. చిన్నప్పుడు ఏ అద్దం నన్ను గుమ్మడికాయలా చూపిస్తే పొట్ట చేత్తో పట్టుకుని నవ్వానో, అదే అద్దం ఇప్పుడు నన్ను ఉన్నదున్నట్టు చూపించింది. అద్దాన్ని ఎవరూ మార్చలేదు. పొట్ట మాత్రం రెండు చేతులకూ అందలేదు.

చివరికి దెయ్యాల కొంపలోకి వెళ్ళాం.

మా చెల్లెలు ఒక స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ వరండాలో నడిస్తే ఫ్యాన్లు కూడా చప్పుడు తగ్గించుకుంటాయని ప్రతీతి. అలాంటి మనిషి చిన్నప్పుడు ఈ కొంపలో వేసిన కేకకు బయట ఐస్‌క్రీం బండివాడి చేతిలో పుల్ల జారిపోయేది.

లోపల చీకటి. దెయ్యాలకని పెట్టిన చీకటి కాదు, బల్బులు పోయిన చీకటి. పెట్టెలోంచి దూకాల్సిన దెయ్యం పెట్టె పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. అదే దెయ్యం! అప్పట్లో కుర్ర దెయ్యం, ఇప్పుడు మోకాళ్ళ మీద చేతులాన్చి "అమ్మయ్య" అంటూ లేచే ముసలి దెయ్యం. ఆయన లేచేలోపు మనం భయపడి, తేరుకుని, కుశలప్రశ్నలు కూడా ముగించవచ్చు. మా చెల్లెలు ఆ పనే చేసింది. "బాగున్నారా దెయ్యం బాబాయ్?" అని అడిగింది.

దెయ్యం బాబాయ్ మా దగ్గరకొచ్చి గుసగుసగా అన్నాడు: "భయం వెయ్యకపోయినా పర్లేదమ్మా. కాస్త అరిచి పోండి. బయట మేనేజరు కుర్చీ వేసుకుని వింటున్నాడు."

విషయమేమిటంటే, ఈ సీజన్లో అరుపులు సరిగ్గా వినిపించకపోతే కొంప మూసేసి, అందులో విరిగిన బెంచీలు పడేస్తారట. కొంప మునిగితే దెయ్యం ఎక్కడికి పోవాలి? వేరే పార్కులో చేరదామంటే అక్కడి దెయ్యాలన్నీ కంప్యూటరు చదువుకున్నవాయె!

ముందు నేను అరిచాను. దగ్గు వచ్చింది. దెయ్యం నాకు మంచినీళ్ళిచ్చింది. తర్వాత మా చెల్లెలి వంతు. అరవడం మర్చిపోయానంది. గొంతులోంచి వస్తే మేనేజరు కనిపెట్టేస్తాడని, కడుపులోంచి తియ్యమని బాబాయ్ నేర్పించాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, గుండెనిండా గాలి పీల్చి, శక్తంతా కూడదీసి వదిలింది.

"సైలెన్స్!"

దెయ్యం చేతులు కట్టుకుని నిలబడిపోయింది.

బయటికి రాగానే మేనేజరు మమ్మల్ని ఆపాడు. లోపలేదో వినపడింది కానీ అది భయమో, కోపమో తేల్చుకోలేకపోతున్నాడట. మా చెల్లెలు దొంగ మెడికల్ సర్టిఫికెట్‌ను వాసన చూసి పట్టేసే మనిషి. జన్మలో అబద్ధమాడదు.

"చాలా భయమేసిందండీ" అంది.

ఒక్క అరుపుతో సీజన్ గడవదని గొణుక్కుంటూ మేనేజరు మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

"బాగానే నేర్చావే అబద్ధాలు" అన్నాను, నాలుగడుగులు వేశాక.

"అబద్ధమేముంది అన్నయ్యా? అంత పెద్దాయన, ఎవరో ఒకరొచ్చి అరవకపోతారా అని ఆ చీకట్లో ఒక్కడే కూర్చున్నాడు. నీకు భయమెయ్యలేదూ?"

నాకు జోకేమీ తట్టలేదు. జోకులు రాసి బతికే నా వృత్తికది మంచిది కాదు.

అయినా అడుగుతాను, ఊళ్ళో అరుపులకు కరువొచ్చిందా? కస్టమర్ కేరు మీద అరుస్తాం. లిఫ్టు మీద అరుస్తాం. పిల్లాడి మార్కుల మీద, పెళ్ళాం మరిచిన గొడుగు మీద, మొగుడు మరిచిన పెళ్ళిరోజు మీద అరుస్తాం. మా ఆఫీసులో ప్రింటరు మీద అరవడానికే ఇద్దరున్నారు! ఇన్ని అరిచి ఎవరి పొట్టయినా నింపామా? అరుపు అవసరమైన ఒకే ఒక్క చోట మాత్రం పెద్దమనుషుల్లా నోరు కుట్టుకుని, "ప్చ్, పార్కు పాడైపోయింది" అని నిట్టూర్చి వచ్చేస్తాం.

పార్కింగ్ దగ్గరకొచ్చేసరికి ఇద్దరు పెద్దమనుషులు బంపరుకు పడిన గీత గురించి అరుచుకుంటున్నారు. ఏం గొంతులండీ! వేలు చూపించుకుంటూ, చొక్కాలు తడిసిపోయేలా, కడుపులోంచి అరుస్తున్నారు. మా చెల్లెలు వాళ్ళవైపు నడిచింది. ఇక సైలెన్సే అనుకున్నాను. ఆవిడ వాళ్ళను దాటి కౌంటరుకు వెళ్ళి, దెయ్యాల కొంపకు రెండు టికెట్లు కొనుక్కొచ్చి, ఇద్దరి చేతుల్లోనూ చెరొకటి పెట్టింది.

"ఎండలో ఎందుకండీ? లోపల చల్లగా ఉంటుంది. మిగతాది అక్కడ తేల్చుకోండి" అంది హెడ్‌మిస్ట్రెస్ గొంతుతో.

ఇద్దరూ నోరెత్తకుండా, వరసలో వెళ్ళారు. కొంప తలుపు మూసుకోగానే మళ్ళీ మొదలెట్టారు. ఆ అరుపులు మేం నిలబడ్డ చోటికి స్పష్టంగా వినిపించాయి. మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అవి బంపరు గురించని ఆయనకు మాత్రం ఎవరూ చెప్పకండి, మీకు పుణ్యముంటుంది.