టీసీ గారి సీడీ

సోమవారం టిఫిన్ చేశాక తొమ్మిది నుంచి పదకొండు దాకా రైళ్లు నడపాలన్నది రాజారత్నం గారి కార్యక్రమం. రైల్వేలో ముప్పై రెండేళ్లు టికెట్ కలెక్టరుగా పనిచేసి, తెనాలి జంక్షన్లో రిటైరయి రెండేళ్లయింది. సర్వీసులో ఉండగా ఆయన చేతికి ఒక్క రైలూ రాలేదు. ఇప్పుడు కంప్యూటర్లో ఏడు ప్లాట్‌ఫారాల స్టేషను, నలభై రెండు రైళ్లు ఆయన మాట వింటున్నాయి. కంప్యూటరు బాపట్లలో లెక్చరరుగా ఉన్న కూతురు జ్యోత్స్న ఇచ్చిన పాతది. ఆట సీడీ మాత్రం ఆయనే హైదరాబాదులో పెద్ద దుకాణానికి వెళ్లి, బిల్లు రాయించుకుని మరీ కొన్నారు. కంప్యూటర్లో ఆ సీడీ పెట్టకపోతే ఆట మొదలవదు.

ఆ ఉదయం ఆయన సీడీని తడిగుడ్డతో తుడిచి, ఆరడానికని భోజనాల బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి దాని మీద పాలగిన్నె ఉంది. పొయ్యి మీంచి దించిన గిన్నె ఎక్కడ పెడదామా అని దానమ్మ గారు చూస్తే, గుండ్రంగా, సరిగ్గా ఆ కొలతలో అదొక్కటే కనిపించిందట. గిన్నె తీశాక సీడీ వేయించిన అప్పడంలా వంకర తిరిగి ఉంది.

రాజారత్నం గారు గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచరు. దానమ్మ గారే తప్పు దిద్దుకునే ఉద్దేశంతో, "పెట్టె ఉంది, బిల్లుంది. కొన్నది మనమే కదా. నెట్ సెంటర్లో ఇంకో కాపీ డౌన్‌లోడ్ చేయించుకుంటే తప్పేంటండి?" అన్నారు.

"టికెట్ కొన్నవాడైనా సరే, చేతిలో టికెట్ లేకపోతే లేనివాడి కిందే లెక్క," అన్నారాయన.

ఈ మాట ఆ ఇంట్లో పదకొండేళ్లుగా ఎవరూ ఎత్తలేదు. చివరిసారి దాన్ని ఆయన రేపల్లె ప్యాసింజరులో, వేమూరు దగ్గర, దానమ్మ గారి తమ్ముడు బర్నబాస్‌తో అన్నారు. కొన్న టికెట్ కిటికీలోంచి ఎగిరిపోయిందని బర్నబాస్ చెప్పాడు. తెనాలిలో అతను కౌంటరు దగ్గర నిలబడి ఉండగా రాజారత్నం గారే స్వయంగా చూశారు. అయినా ఫైను రాసి, పెట్టెడు జనం ముందు సంతకం పెట్టించుకున్నారు. ఆ రోజు నుంచి బర్నబాస్ అక్క ఇంటి గడప తొక్కలేదు. జ్యోత్స్న పెళ్లిలో మేనమామ కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

దానమ్మ గారు పాలు స్టీలు గ్లాసులో పోస్తూ, "అయితే మీరు డౌన్‌లోడ్ చేయించుకోకూడదు. చేయించుకున్నారంటే మాత్రం ముందు మా బర్నబాకి క్షమాపణ చెప్పాలి," అన్నారు.

ఈ వాదనలో లోపమేమిటని రాజారత్నం గారు చాలాసేపు వెతికారు. దొరకలేదు. అలాగని నలభై రెండు రైళ్లను ఎక్కడివక్కడ వదిలేయడానికీ మనసొప్పలేదు. సంగతి తెలిసినవాళ్లను అడిగి నిర్ణయించుకుందామని, తెల్లచొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, సీడీ పెట్టె, బిల్లు పట్టుకుని బయల్దేరారు.

బోసు రోడ్డులో జహీర్ నెట్ సెంటరు ఆ రోజు కిటకిటలాడుతోంది. ఇంటర్ సప్లిమెంటరీ ఫలితాలు వచ్చే రోజు. రాజారత్నం గారు కౌంటరు ముందు నిలబడి, అలవాటైన గొంతుతో, ఇక్కడ ఆటలు డౌన్‌లోడ్ చేసి ఇస్తారా అని అడిగారు. జహీర్ జవాబు చెప్పేలోపే, "దానికి మీకు ఎవరి పర్మిషన్ ఉంది?" అన్నారు. ఆయన నిజంగానే తెలుసుకోవాలనుకున్నారు. ఎవరిదో ఒకరి పర్మిషన్ ఉందంటే ఆయన బెంగ తీరిపోయేది.

జహీర్ పెన్ను చూశాడు, పెట్టె చూశాడు, బిల్లు చూశాడు. గుంటూరులో ఎవరో ఆఫీసర్లు వచ్చి కంప్యూటర్లు ఎత్తుకెళ్లారని పోయిన వారమే విన్నాడు. వెనక అరల్లో అట్టలు లేని సీడీలు మూడు వందల దాకా ఉన్నాయి. వాటికి అడ్డంగా జరిగి, అలాంటివి తమ దగ్గర లేవని, రిజల్ట్సు తప్ప ఏమీ చూడబోమని చెప్పాడు.

రాజారత్నం గారికి నిరాశ కలిగింది. సాయంత్రం ఇంకోసారి వచ్చి వివరంగా మాట్లాడదామనుకుని, "షాపు ఎప్పుడు మూస్తారు?" అని అడిగారు.

"ఇప్పుడేనండి," అన్నాడు జహీర్.

అన్నట్టే మూశాడు. మూస్తూనే పక్క షాపులకు ఫోన్లు చేశాడు. బాపట్లలో ఉన్న బావమరిది ఫరూక్‌కీ, రేపల్లెలో తెలిసినవాళ్లకీ చేశాడు. పదిన్నరకల్లా బోసు రోడ్డులో ఒక్క నెట్ సెంటరూ తెరిచి లేదు. ఫలితాల కోసం వచ్చినవాళ్లు హాల్ టికెట్లు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు.

రెండో నెట్ సెంటరు వెతుక్కుంటూ వచ్చిన రాజారత్నం గారికి ఇదంతా వింతగా తోచింది. కూతురి మార్కులు చూసుకుందామని కొల్లిపర నుంచి వచ్చిన కోటయ్య అనే రైతును అడిగారు. దొంగ సీడీలు పట్టుకునే ఆఫీసరు ఊళ్లోకి దిగాడని కోటయ్య చెప్పాడు. "పొడుగ్గా ఉంటాడంటండి. తెల్లచొక్కా, జేబులో పెన్ను. మా స్ట్రిక్టంట. ఇక్కడయిపోయింది, ఇంక రేపల్లె మీద పడతాడంటున్నారు."

ఈ రోజుల్లో కూడా అలాంటి ఉద్యోగులున్నందుకు రాజారత్నం గారికి సంతోషం కలిగింది. తన సందేహం తీర్చగల మనిషి ఆ ఆఫీసరేనని కూడా తోచింది. రేపల్లె ప్యాసింజరు ఇరవై నిమిషాల్లో ఉంది. టికెట్ కొనుక్కుని ఎక్కారు. దారిలో ఒక్కో స్టేషనులో దిగి ఒక్కో పెట్టె ఎక్కి, పొడుగ్గా తెల్లచొక్కా వేసుకున్నవాళ్ల కోసం చూశారు. ఆఫీసరు బస్సులో వెళ్లి ఉంటాడని భట్టిప్రోలు దగ్గర నిర్ధారించుకున్నారు.

రేపల్లె స్టేషను ఎదుట వరసగా మూడు నెట్ సెంటర్లు మూసి ఉన్నాయి. నాలుగోదాని షట్టరు సగం దించి ఉంది. రాజారత్నం గారు వంగి లోపలికి వెళ్లారు. లోపల ఒకాయన బియ్యం సంచిలో సీడీలు వేసి మూతి కడుతున్నాడు. అతను ముందు తెల్లచొక్కా చూశాడు, తర్వాత పెన్ను చూశాడు, చివరికి ముఖం చూశాడు. అతను బర్నబాస్. అతను కంప్యూటర్ల షాపేదో పెట్టాడని దానమ్మ గారు ఎప్పుడో అనగా విన్నారు గానీ, అది ఇదేనని రాజారత్నం గారికి తెలియదు.

రాజారత్నం గారు వచ్చిన పనే అడిగారు. "ఇక్కడికి ఆఫీసరు వచ్చాడా?"

"పొడుగ్గా, తెల్లచొక్కా, జేబులో పెన్ను?"

"ఆయనే. నేనూ ఆయన కోసమే తిరుగుతున్నాను."

బర్నబాస్ బావగారిని కిందినుంచి పైదాకా ఒకసారి చూశాడు. "ఇంకా రాలేదండి," అని కుర్చీ వేశాడు.

కూర్చున్నాక రాజారత్నం గారు పాలగిన్నె దగ్గర మొదలుపెట్టి జరిగిందంతా చెప్పారు. దానమ్మ గారు పెట్టిన షరతు కూడా దాచలేదు. చెప్పడం అయ్యాక కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు.

"కొన్నవాడు కొన్నవాడే, బర్నబా. ఆ రోజు నీకు ఫైను రాయడం నా తప్పు."

బర్నబాస్ అటు తిరిగి కంప్యూటరు ఆన్ చేసి, ఆట పేరు అడిగి, డౌన్‌లోడ్ మొదలుపెట్టాడు. తెర మీద శాతం అంకె ఒకటి నుంచి రెండుకు రావడానికి మూడు నిమిషాలు పట్టింది. టీ తెప్పించాడు. పక్క హోటల్ నుంచి భోజనం తెప్పించాడు. పెరుగన్నం దాకా వచ్చాక ఇక ఉండబట్టలేకపోయాడు.

"బావగారూ, ఆ రోజు నేను టికెట్ కొనలేదు."

"కౌంటరు దగ్గర నిలబడ్డావుగా. నేను చూశాను."

"నిలబడ్డానండి. చిల్లర లేదు, పక్కకుండమన్నాడు. ఈలోగా బండి కదిలింది, ఎక్కేశాను."

"మరి వేమూరు దగ్గర ఎగిరిపోయిందేంటి?"

"ఏమీ ఎగరలేదండి. కిటికీ మాత్రం తెరిచే ఉంది."

రాజారత్నం గారు చెయ్యి కడుక్కుని వచ్చి, మరి ఇన్నేళ్లూ ఎందుకు రాలేదని అడిగారు.

"మొదట్లో కోపమొచ్చి రాలేదు. తర్వాత సిగ్గేసి రాలేదు," అన్నాడు బర్నబాస్, తల దించుకుని.

ఆయన మండిపడతారనుకున్నాడు. కానీ రాజారత్నం గారి ముఖం విప్పారింది. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "అయితే నీది టికెట్ పోగొట్టుకున్న కేసు కాదు. అసలు కొనని కేసు."

"అవునండి."

"నాది కొన్న కేసు."

"అవునండి."

"రెండూ వేరు." తాను ఇందాక చెప్పిన క్షమాపణను వెనక్కి తీసుకుంటున్నానని ఆయన మర్యాదగా చెప్పారు. బర్నబాస్ ఒప్పుకున్నాడు. పదకొండేళ్లలో అతనికి అంత తేలిగ్గా ఊపిరి ఆడింది అప్పుడే. అంతలో కరెంటు పోయింది. తెర మీద అంకె ముప్పై నాలుగు దగ్గర ఆరిపోయింది. సాయంత్రం దాకా రాదని బర్నబాస్ చెప్పాడు. ఇద్దరూ కలిసి తెనాలి బండి ఎక్కారు.

తలుపు తీసిన దానమ్మ గారు తమ్ముణ్ణి చూసి గబగబా చెంబుతో నీళ్లు తెచ్చారు. కాళ్లు కడుక్కో, అన్నం పెడతానన్నారు. భర్త క్షమాపణ చెప్పేశారనుకుని, ఆయనకు ఇష్టమని వంకాయ కూర చేశారు. ఆ క్షమాపణ వెనక్కి పోయిన సంగతి బర్నబాస్ కూర అయిపోయేదాకా చెప్పలేదు.

మర్నాడు ఉదయం రాజారత్నం గారు జహీర్ సెంటరుకు వెళ్లి, కౌంటరు మీద పెట్టె, బిల్లు పెట్టారు. "కొన్నవాళ్లకు కాపీ ఇవ్వచ్చు. కొననివాళ్లకు ఇవ్వకూడదు. నిన్న రేపల్లెలో తేలిపోయింది," అన్నారు. జహీర్ లేచి నిలబడి విన్నాడు. మిగతా పనులన్నీ ఆపి, మధ్యాహ్నానికల్లా ఆ ఆట డౌన్‌లోడ్ చేసి, సీడీలో ఎక్కించి, రెండు చేతులతో ఇచ్చాడు.

ఆ వారమే షాపు ముందు పెద్ద అక్షరాలతో బోర్డు వెలిసింది: "ఒరిజినల్ బిల్లు చూపిన వారికి మాత్రమే ఆటలు కాపీ చేసి ఇవ్వబడును." ఆఫీసరు రాక వృథా పోలేదని రాజారత్నం గారు ఎవరు కలిసినా చెప్పేవారు. బోర్డు నాలుగేళ్లు ఉంది. దాని ప్రకారం కాపీకి అర్హుడైన మనిషి ఈ చుట్టుపక్కల ఆయన ఒక్కరే తేలారు.