అడ్డం తగ్గిన పొట్టేలు

ఆ శుక్రవారం పొద్దున దవ్లత్‌మురోద్ పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ చల్లారేలోపు పొట్టేలుకి ఒక ఫొటో తీసి, హిసోర్ జాతి గొర్రెల ప్రియుల ఫోరంలో పెట్టి, ఒక ప్రశ్న అడగాలి. పొట్టేలు పేరు పొల్వోన్. మూడు రోజులుగా అది మేత ముట్టడం లేదు. పిల్లప్పుడు సీసాతో పాలు పట్టి పెంచిన జీవం కాబట్టి ఆయనకూ ముద్ద దిగడం లేదు. అయితే ఆయన పొట్టమీద ఆ సంగతి ఇంకా కనిపించలేదు.

ఫొటో బరువెక్కువైందని ఫోరం తిప్పి పంపింది. ఫొటోలు కుదించే యాప్ ఒకటి దింపుకున్నాడు. అందులో అడ్డానికి ఒక గడి, నిలువుకి ఒక గడి, రెంటి మధ్యా చిన్న గొలుసు బొమ్మ. ముప్పై ఏళ్ళు యావాన్ ఊరి బస్సు నడిపిన మనిషికి గొలుసు కనిపిస్తే దారి మూసినట్టే. దాన్ని నొక్కి విప్పేశాడు. నిలువు సగం చేశాడు. ఫోరం ఈసారి మారుమాట లేకుండా పుచ్చుకుంది.

"నా పొట్టేలు మూడు రోజులుగా తినడం లేదు. ఏం చెయ్యాలి?" అని కింద రాశాడు.

హిసోర్ పొట్టేలు అందమంతా వెనక వేలాడే కొవ్వు మూటలోనే ఉంటుంది. సగానికి అణిగిన ఫొటోలో ఆ మూట పెళ్ళిళ్ళలో వేసే పరుపంత కనిపించింది. టీ చల్లారకముందే జవాబులు మొదలయ్యాయి.

"తినకుండానే ఇంత ఒళ్ళా? తింటే దొడ్డి గోడలు ఆగుతాయా అన్నా?"

"గుమ్మంలోంచి ఎలా పట్టిస్తున్నారు? పక్కకి తిప్పా?"

హిసోర్‌లో పేరుమోసిన పెంపకందారు షోద్‌మోన్ మాత్రం ఒక్క ముక్క రాశాడు. "దాన్ని కదిలించకండి. ఎల్లుండి కాటాతో వస్తున్నాం."

"ఒక్కడూ మేత సంగతి మాట్లాడడేమిటే," అని దవ్లత్‌మురోద్ వాపోయాడు.

భార్య జులైహో ఫోన్ అందుకుని చూసింది. "మాట్లాడరు మరి. మన పొల్వోన్‌ని తందూరు రొట్టెలాగ సాగదీశారు కదండీ."

"నిలువు తగ్గించాను. తప్పు అక్కడే జరిగింది. రేపు అడ్డం తగ్గిస్తా. లెక్కకి లెక్క సరిపోతుంది."

"ఏ లెక్కండీ అది?"

"నీకు బస్సు నడపడం రాదు, నీకు తెలీదులే."

మర్నాడు ఆయన పొల్వోన్ మెడమీద చెయ్యివేసి దిగులుగా నిలబడ్డాడు. జులైహో ఫొటో తీసింది. ఆయన కళ్ళజోడు కోసం ఆగకుండా అడ్డం సగం చేసి ఫోరంలో పెట్టేశాడు.

ఈసారి ఫోరం నవ్వలేదు. నిన్న పరుపంత ఉన్న పొట్టేలు ఒక్క రాత్రిలో నిచ్చెనలా అయిపోయింది. పక్కనున్న మనిషి అంతకన్నా అన్యాయంగా, టోపీ పెట్టిన కర్రలా ఉన్నాడు. "ఇది అంటురోగం. పశువు నుంచి మనిషికి పాకింది," అని ఎవరో తేల్చేశారు. ఇంకెవరో ఆ ఫొటోని పశువైద్యశాలకి పంపారు. మరొకరు పుణ్యానికి పోయి, కూలోబ్‌లో ఉన్న ఆయన అక్క ఒయ్‌గుల్‌కి పంపారు.

ఆదివారం పొద్దున ముందు పశువుల డాక్టర్ రహ్మోన్‌కుల్ వచ్చాడు. ఒంటినిండా తెల్ల ప్లాస్టిక్ బట్టలు, వీపున మందు చల్లే డబ్బా. గుమ్మానికి ఎర్ర తాడు కడుతుండగానే షోద్‌మోన్ లారీ ఆగింది. ఇద్దరు మనుషులు పెద్ద కాటా దించారు. లారీ వెనకే వచ్చిన వ్యానులోంచి పదకొండు మంది బంధువులతో ఒయ్‌గుల్ ఏడుస్తూ దిగింది.

గోల విని దవ్లత్‌మురోద్ బయటికొచ్చాడు. ముందు పొట్ట వచ్చింది, తర్వాత ఆయన వచ్చాడు.

ఒయ్‌గుల్ ఏడుపు ఆపి ఎగాదిగా చూసింది. "నా తమ్ముడేడీ?"

"నేనే అక్కా."

"ఫొటోలో ఉన్నది ఎవరు మరి?"

"అదీ నేనే. అడ్డం తగ్గించాను."

ఆవిడ చేతిసంచీతో ఆయన వీపుమీద రెండు వేసింది. "దారిపొడుగునా నీకోసం దువా చదువుకుంటూ వచ్చాను కదరా."

ఈలోగా డాక్టరు పొల్వోన్ నోరు తెరిచి, దవడలో వేలు పెట్టి తడిమి, ఒక ఖుబానీ గింజ పైకి లాగాడు. పంటికీ బుగ్గకీ మధ్య బిగుసుకుపోయి ఉందది. నోరు విడుదలైన పొల్వోన్ రెండుసార్లు నమిలి చూసుకుని, డాక్టరు చంకలోని అంటురోగం కాగితాలు మూడూ తినేసింది. దవ్లత్‌మురోద్ ఆనందం పట్టలేక ప్లాస్టిక్ బట్టలతో సహా డాక్టర్ని కావలించుకున్నాడు.

షోద్‌మోన్ మాత్రం పొట్టేలు చుట్టూ తిరిగి మొహం వేలాడేశాడు. "ఇది మామూలు పొట్టేలే కదయ్యా."

"మామూలుదైతేనేం," అంది ఒయ్‌గుల్ కళ్ళు తుడుచుకుంటూ. "నా తమ్ముడు ప్రాణాలతో కనిపిస్తే వాడి దొడ్లో పొట్టేల్ని దేవుడికిస్తానని మొక్కుకున్నా. ఇవాళే ఇచ్చేద్దాం. ఇంతమందిమి ఉన్నాం, భోజనాలూ అయిపోతాయి."

షోద్‌మోన్ మొహం వెలిగింది. "కత్తి లారీలో ఉందమ్మా."

దవ్లత్‌మురోద్ గబుక్కున పొట్టేలుకి అడ్డం వచ్చాడు. దేవుడి మొక్కు కాదనలేడు, అక్కని అసలే కాదనలేడు. పొల్వోన్ మెడ పట్టుకుని నిలబడిపోయాడు. ఈసారి యాప్ లేకుండానే మనిషి సగమయ్యాడు.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "కుదరదమ్మా. ఇందాకే సూది వేశాను. ఇరవై ఒక్క రోజులదాకా ఈ మాంసం ఎవరూ ముట్టకూడదు. ముట్టుకుంటే వీధి వీధంతా తాడు కట్టాల్సొస్తుంది."

జనం నీరుగారిపోయారు. జులైహో గబగబా రొట్టెలు తుంచి, పెరుగు కలిపి, ఉల్లిపాయలు చల్లి పెద్ద చెక్క పళ్ళెంలో ఖురుతోబ్ పెట్టింది. పద్దెనిమిది మందీ చుట్టూ కూర్చుని, మాంసం లేని లోటు కబుర్లతో తీర్చుకున్నారు.

డాక్టర్ని సాగనంపుతూ దవ్లత్‌మురోద్ గుమ్మం దగ్గర గొంతు తగ్గించాడు. "సూది ఎప్పుడు వేశారు డాక్టరుగారూ? నేను చూడనేలేదు."

"వెయ్యలేదండీ. చిన్నప్పుడు నాకూ ఒక పొట్టేలుండేది."

లోపల ఒయ్‌గుల్ గోడమీది క్యాలెండరులో రోజులు లెక్కపెట్టి, ఇరవై రెండో దాని చుట్టూ సున్నా చుడుతోంది.