దాడి చేసినవాళ్ల చిరునామా

ఆ రోజు పొద్దున్న ధనరాజ్ గారి పట్టుచీరల వెబ్‌సైటు తెరుచుకోవాలి. అది సజావుగా నడిస్తే విజయనగరం, శ్రీకాకుళం, ఎస్.కోటల్లో ఉన్న తన దుకాణాలన్నిటికీ యమునతోనే ఏడాది ఒప్పందం అన్నారాయన. నడవకపోతే యమున ఈ వ్యాపారం కట్టిపెట్టి, చీకటితో విశాఖ రైలెక్కే పాత ఉద్యోగానికి పోవాలి.

కోడలు యమున వ్యాపారమంటే జగన్నాధం గారికి ముచ్చట. పెద్ద కంపెనీ దగ్గర సర్వర్లో చోటూ, నెలకింత అని బ్యాండ్‌విడ్తూ టోకున కొని, దుకాణాల సైట్లకు చిన్న ప్లాన్లుగా చిల్లరకు అమ్ముతుంది. ఎవరు సైటు తెరిచినా ఆ కోటాలోంచి కొంత ఖర్చవుతుంది. ఏ దుకాణానికి ఎంతమంది వస్తారో, ఏ ధర పెడితే వాళ్లకు భారం కాకుండా తనకు మిగులుతుందో కూర్చుని లెక్కకట్టింది. అంత పనిలోనూ మామగారి కాఫీలో పంచదార సగమే వెయ్యాలన్న సంగతి మరిచిపోలేదు. భార్య పోయాక అలాంటివి గుర్తుపెట్టుకునే మనిషి ఇంట్లో ఉండడం ఆయనకు చిన్న విషయమేమీ కాదు.

అలాంటి పిల్లకు తనూ ఏదైనా చెయ్యాలనిపించింది. కొత్త కొట్టు తెరిస్తే ముందు వెళ్లి సందడి చేసేది చుట్టాలే కదా! కోటబొమ్మాళిలో ఉన్న చెల్లెలు తవిటమ్మకు ఫోన్ చేశారు.

"ఇయ్యాల మనోళ్లందర్నీ మన యమున పెట్టిన ఆ చీరల సైటు తెరవమనమ్మా. ఖాళీగా కనపడితే బాగోదు."

"అదేటన్నియ్యా, నువ్వు సెప్పాలేటి? మన పిల్ల యాపారం. నాను సూసుకుంతాను."

తవిటమ్మ చూసుకుంది. డ్వాక్రా మీటింగులో అందరి చేతా ఫోన్లు తీయించింది. లీడరు లక్ష్మణమ్మ, ఇది ఊరి పరువు అంటూ పక్క ఊళ్ల సంఘాలకూ కబురు పెట్టింది. సైటు తెరవగానే వచ్చేది పట్టుచీరల వీడియో. ఆడవాళ్లు ఒక్కసారి చూసి వదిలేసే వీడియో కాదది.

కాసేపటికి యమున కంప్యూటరు దగ్గర్నుంచి కేకేసింది. "మావయ్యా, ఎవరో మన సైటు మీద దాడి చేస్తన్నారు! నెల కోటా సగం అయిపోయింది."

దాడి అనగానే జగన్నాధం గారు లేచారు. వరండాలోకి పోయి మళ్లీ చెల్లెలికే ఫోన్ చేశారు.

"తవిటీ, పిల్లని ఎవడో ఏడిపిస్తన్నాడే! మనోళ్లు ఒక్కరూ ఆ సైటు వదిలి కదలొద్దు. ఇంకా ఎవరుంటే వాళ్లని పిలు."

"ఎవుడాడు? నువ్వుండన్నియ్యా. జీడిపప్పు మిల్లుకాడోళ్లని కూడా లెగదీస్తాను!"

మిల్లువాళ్లు కూడా తెరిచాక సైటు ఆగిపోయింది. రద్దీ వల్ల పరిమితి పూర్తయిందని తెర మీద ఒకే ఒక్క వాక్యం మిగిలింది. సైటుకు వచ్చినవాళ్లు ప్రశ్నలు రాసే పెట్టె యమున తెరిచి, వింతగా చదివింది.

"దాడి చేసినోళ్లు అడ్రసు కూడా రాసేరు మావయ్యా. 'మావిడిపండు రంగు చీర ఎంత? లక్ష్మణమ్మ, కోటబొమ్మాళి.' ఇంకోటి, 'యమునా, భయపడకు, అందరం ఇక్కడే ఉన్నాం. తవిటమ్మ.'"

జగన్నాధం గారు నిలబడిన చోటే జరిగిందంతా చెప్పేశారు. యమున కుర్చీ దగ్గరగా లాగి, "కూకోండి మావయ్యా, కాఫీ తెస్తాను" అంది. తిట్టినా ఆయనకు ఇంకొంచెం తేలికగా ఉండేది.

అంతలో ధనరాజ్ గారు ఫోన్ పట్టుకుని లోపలికి వచ్చారు. "ఏటమ్మా ఇది?"

"తప్పు నాదేనండి. వచ్చినోళ్లంతా మా చుట్టాలు. ఇంతమంది వస్తారని నేను లెక్కెయ్యలేదు. మీ డబ్బు తిరిగిచ్చేస్తాను."

మామగారి పేరు ఎత్తలేదు. జగన్నాధం గారు తలదించుకున్నారు.

"సుట్టాలేటి?" ధనరాజ్ గారు పకపకా నవ్వారు. "మా నాన్న కొట్టు తెరిసిన నాడు తోసుకున్నోళ్లు ఎవులనుకున్నావు? మా మేనత్తలే! జనాన్ని ఆపలేక తలుపులు మూసీసినామని ఇప్పటికీ గొప్పగా సెప్పుకుంతాం. రద్దీకి సైటు ఆగిపోనాదన్న ఈ పేజీ నా వాట్సాప్ స్టేటస్‌లో ఎట్టినాను. ఊరంతా ఫోన్లే! నిజం దాసకుండా సెప్పినావు, అది సాలు. పెద్ద ప్లాను రాయి. ధర కూడా పెంచు, ఈ రేటుకి నీకేటి మిగులుతాది?"

సాయంత్రానికి బజారులో సగం మంది దుకాణాలవాళ్లు తమకూ సైటు కావాలని యమునకు ఫోన్ చేశారు. స్పీడెంతని గానీ, ధరెంతని గానీ ఎవరూ అడగలేదు.

"మా సైటు ఎప్పుడు ఆగిపోతాదమ్మా?" అని మాత్రం అడిగారు.