బీరు థర్మామీటర్ కొంటున్నారా? మంచిది మాత్రం కొనకండి!

ఇంట్లో బీరు కాచుకునే సోదర సోదరీమణులారా! డిజిటల్ థర్మామీటర్ కొనబోతున్నారా? అయితే ఆగండి. కొట్లో ఉన్నవాటన్నిటిలోకీ పనికిమాలినది ఏదో వెతికి, అది కొనండి. తప్పులు చూపించేది, ఉన్నట్టుండి ఆరిపోయేది, అంకెలు సగమే కనపడేది దొరికితే మరీ శ్రేష్ఠం. మంచి థర్మామీటర్ కొంపలు ముంచుతుంది!

నవ్వకండి. ఈ విషయంలో నాకున్న అర్హత మీలో ఎవరికీ లేదు. నార్వేలో, వోస్ ఊరికి పైనున్న కొండవాలులో, ఓ రైతు కుటుంబంలో ఇరవై మూడేళ్ళుగా ఇల్లరికం ఉంటున్నవాణ్ణి నేను. ఇక్కడ క్రిస్మస్‌కి ఇంట్లో కాచిన బీరు లేకపోతే చుట్టాలు మొహమాటానికి కూడా కూర్చోరు. అలాంటి చోట ఒక థర్మామీటర్ ఎంచుకోవడానికి నాకు ఐదు నెలలు పట్టాయంటే, అందులో ఎంత పరిశోధన ఉందో మీరే ఊహించుకోండి.

ఒక కంపెనీది ఒక్క సెకనులో వేడి చెబుతుందట. ఇంకోదానికి మూడు సెకన్లు కావాలట. ఆ మిగిలే రెండు సెకన్లతో మనం ఏం ఉద్ధరించాలి? ఇంకొకటి నీళ్ళలో పడ్డా చెడిపోదని పెద్ద అక్షరాల్లో రాశారు. నీళ్ళలో ముంచరాదని కింద చిన్న అక్షరాల్లో రాశారు. మరొకదానికి ఒకాయన ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చాడు. కారణం? అది వచ్చిన రోజున వాళ్ళ పిల్లి పోయిందట!

పనికిమాలినవాటి సుఖం తెలియక జనం వాటిని తిడతారు. పది నిమిషాలకోసారి తనంతట తాను ఆరిపోయే రకం ఉంది చూశారూ, అది బ్యాటరీ ఆదా కోసమట. బార్లీ మొలకలు కాచిన బీరు కషాయం చల్లారడానికి మూడు గంటలు పడుతుంది. ఆ థర్మామీటర్ పుల్లేమో పది నిమిషాలకే నిద్రపోతుంది. ఎంత హాయి! దాన్ని లేపే వంకతో మీరు పొయ్యి పక్కనే వెచ్చగా కూర్చోవచ్చు. గిన్నెలు తోమమని ఎవరూ పిలవరు.

వెనకాల ఫారెన్‌హీట్ మీట ఉన్నది ఇంకా మేలు. బొటనవేలు తగిలితే చాలు, ముప్పై తొమ్మిది కాస్తా నూట రెండు అయి కూర్చుంటుంది. మా లోయలో ఒకాయన ఆ నూట రెండు చూసి హడలిపోయి, పారతో మంచు ఎత్తి కషాయంలో కుమ్మరించాడు. ఆ బీరు తాగి ఆ ఏడాది వాళ్ళింట్లో ఎవరికీ మత్తెక్కలేదు, ఎవరూ కొట్టుకోలేదు. ఇరవై ఏళ్ళలో మొదటి ప్రశాంతమైన క్రిస్మస్ అని వాళ్ళావిడ ఇప్పటికీ చెబుతుంది.

మరి మంచిది కొంటే ఏమవుతుంది? మనిషి చెడిపోతాడు! కనపడినదానికల్లా గుచ్చి చూడాలనిపిస్తుంది. నేను కాఫీకి గుచ్చాను, స్నానం నీళ్ళకు గుచ్చాను. ఒకరోజు మా ఆవిడ సిన్నొవె వండిన మాంసం క్యాబేజీ కూరకు గుచ్చాను.

"ఎంతుందేంటి?" అంది.

"డెబ్బై నాలుగు."

"అలాగా! అయితే నువ్వు వెళ్ళి వేణ్ణీళ్ళు మరగబెట్టుకుని తాగు. అవి నూరుంటాయి."

ఆ రాత్రికి నాకు బ్రెడ్డు ముక్కే గతయింది.

అసలు నాకు థర్మామీటర్ ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పాలి. మా ఇంట్లో ఒక థర్మామీటర్ అప్పటికే ఉంది. అది మా అత్తయ్య బోర్గిల్డ్ కుడిచేతి చూపుడు వేలు. వయసు ఎనభై మూడు. బ్యాటరీ అక్కర్లేదు, మీటలు లేవు, ఎదురు మాట్లాడితే మాత్రం ఊరుకోదు.

బార్లీ మొలకల కషాయం కాగి చల్లారాక, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేయాలి. ఈస్ట్ అని మీరంటారు. నేను మాత్రం తోడనే అంటాను, ఎందుకంటే మన పెరుగు తోడులాగే ఇక్కడ అది ఇంటింటిదీ. మా అత్తయ్య తోడు వాళ్ళ అమ్మమ్మ నాటిది. ఎండబెట్టి గాజు సీసాలో దాస్తుంది. కాచిన ప్రతిసారీ సీసాలో ఉన్నదంతా వేసేసి, కొత్త బీరు మీద తేలినదాన్ని మళ్ళీ తీసి ఎండబెడుతుంది. కషాయం మరీ వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది. అది చచ్చిపోతే నూరేళ్ళ వంశం పోయినట్టే. అందుకే ఆ వేలి మాటకు తిరుగులేదు. ఈ లోయలో ఎవరి తోడు పాడైనా సీసా పట్టుకుని ఆవిడ గుమ్మంలోకే వస్తారు. ఆవిడ మాత్రం ఎవరి గుమ్మమూ ఎక్కి ఎరగదు.

తోడు వేసే క్షణంలో ఇంటి మగాడు గొంతు చించుకుని కేక పెట్టాలి. లేకపోతే బీరు నీరసంగా వస్తుందట. ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం అదే! వేడి చూసేది ఆవిడ, తోడు వేసేది ఆవిడ, అరిచేది నేను. "అయిందా అత్తయ్యా?" అని అడగడం, "ఇంకా కాలేదు, నోరు మూసుకుని కూర్చో" అనిపించుకోవడం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినవాడికి ఇంతకంటే తలవంపులు ఏముంటాయి చెప్పండి?

అందుకే కొన్నాను! పదో వంతు డిగ్రీ కూడా తప్పు చెప్పనిది, ఎవరో ఇంజనీరు సంతకంతో సర్టిఫికెట్ జతచేసినది. దాన్ని చూసి పక్క పొలం ఓస్మున్ పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఏమోయ్ అల్లుడూ, బీరుకు జ్వరం వచ్చిందా? చంకలో పెట్టి చూస్తావా, నాలుక కింద పెడతావా?"

అత్తయ్య నవ్వలేదు. "ఆ పుల్లను నా కషాయం దగ్గరికి తెస్తే నీ వేళ్ళు విరిచి పొయ్యిలో పెడతా" అంది.

ఇక జరిగింది వినండి. లోయ లోయంతా చెప్పుకునే కథ ఇది. డిసెంబరు మొదటి శనివారం క్రిస్మస్ బీరు కాచాం. మధ్యాహ్నానికి కషాయం చల్లారుతోంది. పొయ్యి గదిలో నేనూ అత్తయ్యా ఇద్దరమే. నా పుల్ల ముప్పై తొమ్మిది అంది. అత్తయ్య తోడు వేసింది, నేను కేక పెట్టాను. తెల్లారి చూస్తే నురుగు లేదు. మర్నాడూ లేదు. తోడు చచ్చిపోయింది! ఎందుకంటే నా దిక్కుమాలిన థర్మామీటర్‌కు హోల్డ్ అనే బటన్ ఉంది. అది పొరపాటున నొక్కుకుపోయి, ఎప్పుడో పక్క గిన్నెలో చూసిన అంకె అలాగే నిలిచిపోయింది. అంకె ముప్పై తొమ్మిది, అసలు వేడి యాభై ఆరు. ఫిజిక్స్ చదివిన అల్లుడు నూరేళ్ళ తోడును ఉడకబెట్టేశాడు!

సీసా పట్టుకుని నేనే ఓస్మున్ గుమ్మం ఎక్కాను. వాళ్ళ నాన్న మా అత్తయ్య వాళ్ళమ్మ దగ్గర పట్టుకెళ్ళిన తోడే వాళ్ళింట్లో ఉంది.

"మీ తోడు మీకే ఇస్తున్నాను పట్టుకెళ్ళు" అన్నాడు సీసా నింపుతూ. "అయినా బోర్గిల్డ్ వేలు పెట్టి చూడలేదా?"

"నేనే వద్దన్నానండీ. పుల్ల ఉండగా వేలెందుకన్నాను."

"బుద్ధి గడ్డి తిని ఉంటుంది నీకు!"

"అవునండీ."

అప్పటినుంచి చర్చిలో, కొట్లో, బస్సులో, ఎక్కడ కనపడినా నాకు ఇదే పలకరింపు. పోస్టు పంచే అమ్మాయి కూడా "జ్వరం తగ్గిందా?" అని అడిగి వెళుతోంది. అత్తయ్య కూడా అందరికీ ఇదే చెప్పింది. "అల్లుడి పుల్ల మాట నమ్మి మోసపోయాను" అంది.

చూశారా థర్మామీటర్ మహిమ! ఇంటిల్లిపాదీ, ఊరంతా కలిసి తిట్టినా మారుమాటాడదు. అలిగి పుట్టింటికి పోదు. ఇంత ఓర్పుగల ప్రాణి ఇంకొకటి ఉందా?

ఇప్పుడు అసలు సంగతి. మా అత్తయ్యకు తెలుగు రాదు కాబట్టి మీకు మాత్రం చెబుతున్నాను. నా థర్మామీటర్‌కు హోల్డ్ బటన్ లేదు. అది పొరపాటు చేయనూ లేదు.

ఆ మధ్యాహ్నం అత్తయ్య ఎప్పటిలాగే కషాయంలో వేలు ముంచింది. ముంచి అలాగే ఉంచింది. "సరిపోయింది" అంది. తర్వాత, ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ లేనిది, నా వైపు తిరిగి "నీ పుల్ల ఏమంటోంది?" అని అడిగింది.

నా చేతిలో యాభై ఆరు పాయింట్ రెండు. పదో వంతు డిగ్రీతో సహా! ఆవిడ వేలు ఇంకా కషాయంలోనే ఉంది. మనమైతే చురుక్కుమని ఎగిరి గంతేసేవాళ్ళం. ఆవిడ మొహంలో ఏమీ లేదు. వేలు బయటికి తీసేసరికి కొసదాకా ఎర్రగా కందిపోయి ఉంది. ఆవిడ దాన్ని గౌనుకు తుడుచుకుంది, నొప్పి అన్న మాటే లేదు.

"ముప్పై తొమ్మిది అత్తయ్యా" అన్నాను.

"చూశావా!" అంది. ఆ మొహంలో ఎంత వెలుగండీ! ఐదు నెలల పరిశోధన తన వేలి ముందు ఓడిపోయినందుకు ఎంత సంబరం! సీసా మొత్తం వంచేసింది. నేను కేక పెట్టాను. ఆ రోజు పెట్టినంత గట్టిగా ఎప్పుడూ పెట్టలేదు.

ఆపవచ్చుగా అంటారు. గరిటె జారవిడవవచ్చు, బయట గొర్రె తప్పిపోయిందని అరవవచ్చు, కడుపునొప్పని పడిపోవచ్చు. ఇప్పుడు పడుకున్నా కూర్చున్నా యాభై ఉపాయాలు తోస్తున్నాయి. అప్పుడు ఒక్కటీ తోచలేదు. కావాలని చంపలేదు గాని, నా నోటికి ముప్పై తొమ్మిదే వచ్చింది. రెండు రోజుల తర్వాత ఆవిడ ఆ బీరు తొట్టి దగ్గర నిలబడి తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటుంటే, హోల్డ్ బటన్ అనే మాట నా నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. ఆవిడ నా వైపు తిరిగింది. "అలాంటి బటన్లు కూడా ఉంటాయా?" అంది. ఉంటాయన్నాను. ఆ వేలికి కట్టు ఏమిటని సిన్నొవె అడిగితే, ముల్లు గుచ్చుకుందని చెప్పింది.

ఇదండీ నా ఫిర్యాదు. మంచి థర్మామీటర్ అంకె చెప్పి ఊరుకుంటుంది. ఆ అంకెతో ఎదురుగా ఉన్న ఎనభై మూడేళ్ళ మనిషికి ఏం చెప్పాలో సర్టిఫికెట్ మీద రాయరు. అదే నాసిరకం పుల్లయితే ఇద్దరమూ దాన్ని తిట్టుకుని, మళ్ళీ చల్లారేదాకా కూర్చునేవాళ్ళం. తోడు బతికేది.

పోయిన శనివారం ఓస్మున్ ఇచ్చిన తోడుతో మళ్ళీ కాచాం. తన తోడుకు ఏ గతి పడుతుందో చూడాలని పెద్దాయన కూడా వచ్చి కూర్చున్నాడు. నా థర్మామీటర్ తీసుకుని ముందూ వెనకా తిప్పి చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని ఇంకోసారి చూశాడు. హోల్డ్ బటన్ కోసం వెతుకుతున్నాడని నాకు అర్థమైంది. ఆయన అత్తయ్య వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"చెత్త సరుకు" అన్నాడు గట్టిగా. "బటన్ ఎక్కడ పెట్టారో చూడు, చెయ్యి తగిలితే చాలు నొక్కుకుపోయేలా ఉంది!"

అత్తయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉంది. వేలు ముంచడానికి లేవలేదు.

"నీ అబద్ధం కూడా నా దగ్గరే పెట్టు ఓస్మున్, అల్లుడిది ఒకటి ఇప్పటికే ఉంది" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఏమయ్యా, ఎంతుంది?"

నేను పుల్ల ముంచాను. ఓస్మున్ తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

"నలభై ఎనిమిది అత్తయ్యా."

"సరే" అంది. "పక్కన కూర్చో. తగ్గేదాకా అంకె అంకె చదువు."