ఎర్ర పట్టీ, ఎడమ చేతికి

మనిషి తానెవరో చెప్పుకోవడానికి నోరు చాలదని మొట్టమొదట గ్రహించిన సంస్థ సైన్యం. అందుకే అక్కడ మనిషి మాట్లాడడు, కోటు మాట్లాడుతుంది. భుజం మీది నక్షత్రాలు ఎవరు ఎవరిని తిట్టవచ్చో చెబుతాయి. చేతి మీది పట్టీలు ఆ తిట్లు తిని కిందివాళ్ళకు ఎవరు అందించాలో చెబుతాయి. టోపీ బిళ్ళ ఏ దళమో, ఛాతీ మీది రంగు రిబ్బన్లు ఎక్కడెక్కడ పనిచేశాడో చెబుతాయి. రెక్కల గుర్తుంటే విమానంలోంచి దూకినట్టు (తనంతట తానే దూకాడా, ఎవరైనా తోశారా అన్న వివరానికి ఇంకా గుర్తు రాలేదు). ఇవన్నీ పొరపాటు లేకుండా పెట్టుకున్నవాడికి ఇంకో బ్యాడ్జీ ఇస్తారు. దాన్ని తప్పు చోట పెట్టుకుని చాలామంది పోగొట్టుకుంటారు.

మా బావకు రావలసింది వీటన్నిటిలోకీ చిన్నది, ఎర్ర పట్టీ. యుద్ధంలో గాయపడ్డవాళ్ళకు ఇస్తారు. కోటు ఎడమ చేతి మీద, మోచేతికి నాలుగు వేళ్ళంత కింద కుట్టించుకోవాలి. బావకు పోయింది ఎడమ చెయ్యే, మోచేతికి పైన.

బావకు పట్టీల మీద ఏనాడూ మోజు లేదు. కానీ బళ్ళో పిల్లలు మా మేనకోడలితో, "మీ నాన్న చెయ్యి యుద్ధంలో ఏం పోలేదు, లారీ కింద పోయింది" అన్నారట. అప్పట్నుంచి పిల్ల తండ్రిని బడి గేటు దాకా రానివ్వడం లేదు. ఏటా జరిగే కవాతుకు బడి మొత్తాన్నీ తీసుకెళ్తారు. "ఆ రోజు పట్టీ పెట్టుకుని ఒక్కసారి దాని ముందు నడిస్తే చాలురా" అన్నాడు బావ. ఆయన్ని వెంటబెట్టుకుని బ్యాడ్జీల కార్యాలయానికి బయల్దేరాను.

ఎడమ చేతుల విభాగంలో గుమాస్తా బావను ఎగాదిగా చూసి, ఎంతో మర్యాదగా కుర్చీ జరిపాడు.

"కూర్చోండి సార్. మీకు మా విభాగంలో ఏమీ లేదండీ."

"గాయం ఉంది కదండీ?" అన్నాను నేను.

"గాయం లేదని ఎవరన్నారండీ? చోటు లేదు."

కుడి చేతుల విభాగం మేడ మీద. కుడి చెయ్యి సత్ప్రవర్తనకు కేటాయించారట. గాయపడటం సత్ప్రవర్తన అవునో కాదో పైవాళ్ళు ఇంకా తేల్చలేదట. ఛాతీ ధైర్యానికి మాత్రమేనట. మళ్ళీ కిందికి దిగాం.

"పోనీ, కోటు ఖాళీ చేతిని అలాగే వదిలేసి దానిమీదే కుట్టించుకుంటానండీ" అన్నాడు బావ.

"కోటు చెయ్యి వేలాడితే అలసత్వం కింద రాస్తారు సార్. మడిచి పిన్ను పెట్టాలి."

"మడిస్తే పట్టీ కనపడదు కదా?"

"అప్పుడు పట్టీని దాచినట్టవుతుంది. అది ఇంకా పెద్ద నేరం."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

గుమాస్తా నిజంగానే బాధపడ్డాడు. "చెయ్యి పోకముందే ఒకసారి కనపడి ఉంటే బాగుండేదండీ."

చివరికి సంగతి చిహ్నాల సర్వాధికారి దాకా వెళ్ళింది. ఆయన దయగలవాడు (దయకు బ్యాడ్జీ లేదు కాబట్టి ఎవరికీ తెలియదు). పట్టీ కుట్టిన కోటును చెక్క స్టాండుకు తొడిగి, చేతుల్లో దూది కుక్కి, జీపు మీద ఊరేగించమని ఆజ్ఞాపించాడు.

"ఆ దూది చెయ్యేదో మా బావకే పెట్టొచ్చు కదండీ?" అన్నాను.

"లేని చెయ్యి ఉన్నట్టు చూపిస్తే మోసం బాబూ. స్టాండుకు ఆ నిబంధన లేదు."

కవాతు ఘనంగా జరిగింది. మైకులో బావ పేరూ హోదా చదివారు, కోటు ముందుకొచ్చింది, బ్యాండు మోగింది, నక్షత్రాలవాళ్ళంతా లేచి కోటుకు సెల్యూట్ చేశారు. బావ తెల్ల చొక్కా చెయ్యి మడిచి పిన్ను పెట్టుకుని, జనం కోసం కట్టిన తాడుకు ఇవతల నా పక్కన నిలబడ్డాడు. ఎదురుగా బడిపిల్లల వరసలో మా మేనకోడలు కోటును చూసింది, నాన్నను చూసింది, తల దించుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ, ఒళ్ళు మండటానికి అక్కడ విభాగం లేదు.

ఇంత లోపం లేని యూనిఫాం ఈమధ్య చూడలేదని సర్వాధికారి కోటుకు అక్కడికక్కడే ఇంకో బ్యాడ్జీ తగిలించాడు. యుద్ధానికి వెళ్ళొచ్చినా రెండు చేతులూ నిక్షేపంగా ఉన్న మా బావ కోటును పిల్లలందరూ కళ్ళారా చూశారు. ఆయన చెయ్యి లారీ కిందే పోయిందని ఇప్పుడు బడి మొత్తానికీ ఖాయంగా తెలుసు.