తోక లేని పులి చివరి పేజీ

ఆ రోజు పొద్దున్నే గడ్డం గీసుకుంటూ వేలందారు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం వరకూ ఎవరిచేతా దొంగ అనిపించుకోకూడదు. అంతే.

పాత బొమ్మల పత్రికలకు చిత్రకారులు చేత్తో గీసిచ్చిన అసలు పేజీలను వేలం వేయడం ఆయన వ్యాపారం. కళ్ళజోళ్ళ దుకాణం పైన రెండు గదులు, ముప్పై కుర్చీలు, ఒక చెక్క సుత్తి, పిలిస్తేనే వచ్చే, పాత పేజీలు పోగుచేసే కొద్దిమంది సేకర్తలు. ఇన్నేళ్ళలో ఆయన మోకాళ్ళు అరిగాయి గానీ పేరు అరగలేదు. పోయిన నెలే దానికీ మూడింది. పళ్ళ డాక్టరు మనసుపడ్డ పేజీకి ఫోన్లో ఎవరో పోటీకొచ్చి, పాటను రెండింతలకు ఎక్కించి, ఆఖర్లో తప్పుకున్నారు. డాక్టరు డబ్బు కట్టి, పేజీ చంకలో పెట్టుకుని, "ఆ ఫోన్లో మనిషి లేడు, గోడ ఉంది. వీళ్ళే దొంగ పాట పాడుకుంటున్నారు" అని ఊరంతా చాటాడు. సేకర్తల సంఘం నుంచి కబురొచ్చింది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే సభ్యులెవరూ ఆ మెట్లెక్కరట. వాళ్ళు ఎక్కకపోతే ఎక్కేది అద్దె కోసం వచ్చే ఇంటాయన ఒక్కడే.

"ఇవాళ దాపరికం అన్న మాటే లేదు," అన్నాడు వేలందారు అద్దంలోంచి భార్యతో. "కనీస ధర గోడమీద రాసిపెట్టాను. మన కమీషన్ రాసిపెట్టాను. మా ఇంటివాళ్ళెవరూ పాట పాడరని పెద్దక్షరాలతో రాసిపెట్టాను."

"మీ బీపీ ఎంతో అది కూడా రాయాల్సింది," అందామె కాఫీ చల్లారుస్తూ.

"నవ్వకు. ఫోన్లో పాడేవాళ్ళ గొంతు హాలంతా వినపడేలా లౌడ్‌స్పీకర్ పెట్టిస్తున్నాను. అప్పుడు గోడ అంటాడేమో చూద్దాం."

"పేరు బయటపడకూడదనే కదండీ వాళ్ళు ఫోన్లో పాడేది?"

"పేరెవడు అడుగుతున్నాడు? గొంతొక్కటే వినిపిస్తాను."

"గొంతుని బట్టి మనిషిని పోల్చుకోలేరా ఏమిటి?"

ఆ ప్రశ్నకు వేలందారు చేతిలో కత్తి జారింది. గడ్డం మీద చిన్న గాటు పడింది.

లౌడ్‌స్పీకర్ సంగతి వినగానే బావమరిది మొహం సున్నం కొట్టినట్టయింది. వేలం రోజున ఫోన్లు కలపడం, వచ్చిన పాటను పైకి చెప్పడం అతని పని.

"ఇప్పుడదెందుకండీ బావగారూ? చెవులు చిల్లులు పడతాయి."

"పడనీ."

"వైరు లేదు."

"కొత్తది తెచ్చాను."

"నాకు పొద్దుట్నించీ కడుపులో బాలేదు బావగారూ. ఇవాళ్టికి ఫోన్ల బల్ల అక్కయ్యకి అప్పగించి..."

"కడుపుతో మాట్లాడతావా ఫోను? కూర్చో," అన్నాడు వేలందారు. బావమరిది గది మూలకు పోయి, గోడవైపు తిరిగి, ఎవరికో ఫోన్ మీద ఫోన్ చేశాడు. అవతల ఎవరూ ఎత్తలేదు. వేలందారు అదంతా చూశాడు. కానీ ఆయనకు ఆ పూట అనుమానించే ఓపిక కూడా లేదు.

ఆ రోజు వేలానికి ఉన్నది ఒకే ఒక్క పేజీ. ఒకప్పుడు పిల్లల పత్రికలో వారం వారం వచ్చిన 'తోక లేని పులి' బొమ్మల కథకు అది చివరి పేజీ. తన తోక ఎవరు ఎత్తుకుపోయారో కనిపెట్టడానికి డిటెక్టివ్‌గా మారిన పులి కథ అది. తోక దొరికే వారం రాకముందే పత్రిక మూతపడింది. గీసిన పేజీ మాత్రం చిత్రకారుడి పెట్టెలో మిగిలిపోయి, ఇన్నాళ్ళకు బయటికొచ్చింది. అచ్చుకాని పేజీ గనక, ఎవరూ ఫోటో తీసి నకళ్ళు వేసుకోకుండా కింది సగాన్ని గోధుమరంగు కాగితంతో కప్పి ఉంచారు. కొన్నవాడే ఆ కాగితం విప్పాలి. ఆ కొట్లో మొదటినుంచీ అదే పద్ధతి. గోడ నిండా నిజాలు రాసిపెట్టిన వేలందారుకు ఆ కాగితం దాపరికంగా తోచనే లేదు.

కుర్చీలు నిండాయి. రెండో వరసలో పళ్ళ డాక్టరు కాలు మీద కాలేసుకుని, ఈ పేజీతో తనకేం పని లేనట్టు కిటికీలోంచి చూస్తున్నాడు. ఆయనకు ఆగర్భ శత్రువు సిమెంటు వ్యాపారి. అందరూ సిమెంటాయన అంటారు. ఒకరు చెయ్యెత్తితే చాలు, రెండోవాళ్ళకు ఆ వస్తువు మీద ప్రాణం లేచొస్తుంది. ఆ సిమెంటాయన కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది.

వేలందారు కనీస ధర చదివాడు. కమీషన్ చదివాడు. ఇంటివాళ్ళ షరతు రెండుసార్లు చదివాడు.

"ఇన్ని చెబుతున్నాడంటే ఏదో పెద్దదే దాస్తున్నాడు," అని వెనక వరసలో ఎవరో గుసగుసలాడారు.

పాట మొదలైంది. హాల్లో ఒక్క చెయ్యీ లేవలేదు. మొదటి ఫోను మోగింది. బావమరిది లౌడ్‌స్పీకర్ నొక్కాడు.

"నలభై వేలండీ," అంది ఒక ఆడగొంతు.

వెంటనే రెండో ఫోను. "యాభై!" అంది ఒక మగగొంతు. చిత్రమేమిటంటే ఆ యాభై ఒకసారి లౌడ్‌స్పీకర్లోంచీ, ఒకసారి మెట్లమీంచీ వినిపించింది. తలలన్నీ గుమ్మంవైపు తిరిగాయి. మెట్ల మలుపు దగ్గర గోడకు అంటుకుని, నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుని నిలబడి ఉన్నాడు సిమెంటాయన.

"నేనా? నేను వేరే పనిమీద మా గుమాస్తాతో మాట్లాడుతున్నా," అన్నాడాయన. లౌడ్‌స్పీకర్ కూడా అదే అంది.

హాలు గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు పళ్ళ డాక్టరు. "దొంగచాటుగా మెట్లమీంచి పాడటం దేనికయ్యా? మగాడివైతే లోపలికొచ్చి పాడు!" అన్నాడు.

"అరవై పాడమంటారాండీ?" అంది మొదటి ఫోన్లో ఆడగొంతు. "ఆయన పొద్దున వెళుతూ యాభై దాకా పాడమన్నారు. ఆపైన పాడాలో వద్దో ఆయన్నే అడిగి చెప్పండి. రెండో వరసలో కూర్చుంటానన్నారు. నీలం చొక్కా."

రెండో వరసలో నీలం చొక్కా ఒకటే ఉంది. డాక్టరు నవ్వు సగంలో ఆగిపోయింది. లోపలికొచ్చిన సిమెంటాయన తన కుర్చీలో తీరిగ్గా కూర్చుని, "పాడమనండి డాక్టరుగారూ, పాపం ఇల్లాలు లైన్లో ఉంది," అన్నాడు.

వేలందారుకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఫోన్లో గోడలు లేవు, మనుషులే ఉన్నారని తేలిపోయింది. దొంగలున్నా వాళ్ళు కుర్చీల్లోనే ఉన్నారు. సుత్తి ఎత్తి, "యాభై వేలు, ఒకటోసారి..." అన్నాడు, చాలాకాలం తర్వాత కాస్త హుషారుగా.

అప్పుడు మూడో ఫోను మోగింది. బావమరిది దాన్ని ఎత్తలేదు. అది మోగుతూనే ఉంది.

"ఎత్తవయ్యా," అన్నాడు డాక్టరు. "అన్నీ వినిపిస్తామన్నారుగా!"

"కడుపు..." అన్నాడు బావమరిది. వేలందారే వచ్చి మీట నొక్కాడు.

"డెబ్బై ఐదు," అంది ముసలి ఆడగొంతు ఒకటి. ఐదు తర్వాత సన్నగా, పాలు పొంగేముందు వచ్చే చప్పుడులా, చిన్న ఈల కూడా వినిపించింది.

వేలందారు చేతిలో సుత్తి చల్లబడింది. ఆ గొంతును ఆయన పెళ్ళయినప్పటినుంచీ వింటున్నాడు. కానీ హాల్లో మిగతావాళ్ళకు తెలీదు కదా అని ఆశపడ్డాడు. ఆ ఆశ డాక్టరు లేచి నిలబడేదాకానే నిలిచింది.

"ఆ ఈల నా చేతిపనే!" అన్నాడాయన. "పై వరస కట్టుడు పళ్ళు. కొంచెం వదులుగా ఉన్నాయమ్మా, వచ్చి సరిచేయించుకోండి అంటే ఇంతవరకూ రాలేదు. ఈవిడ మీ అత్తగారు కాదూ?"

హాలంతా లేచింది. గోడమీద పెద్దక్షరాల షరతు అందరికీ ఒకేసారి కనిపించింది.

"పోయిన నెల నామీద పాడింది కూడా ఈ ఈలేనా?" అన్నాడు డాక్టరు బావమరిది మీదికి వంగి. బావమరిది తల దించుకున్నాడు. పోయిన నెల వరకూ ఫోన్ గొంతు అతని చెవి ఒక్కదానికే వినిపించేది.

"అమ్మ ఎవరికీ చెప్పొద్దందండీ," అని గొణిగాడు.

వేలందారుకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన సుత్తిని బల్లమీద పెట్టాడు. "అయ్యా, నాకు నిజంగా తెలీదు. కానీ నాకు తెలీదన్నంత మాత్రాన తప్పు తప్పు కాకపోదు. డాక్టరుగారూ, పోయిన నెల మీరు ఎక్కువ కట్టిందంతా వాపసు ఇస్తాను. ఈ వేలం ఇంతటితో రద్దు. కొట్టు కూడా మూసే..." అంటూ సుత్తిని సొరుగులోకి తోశాడు.

"ఎందుకు రద్దు?" అంది లౌడ్‌స్పీకర్.

"అత్తయ్యగారూ, మీరు ఫోన్ పెట్టేయండి."

"నేను దొంగ పాట పాడానా అల్లుడుగారూ? నా డబ్బు, నా పాట. పోయిన నెల ఆపేశానంటే దొంగతనం కాదు, నా దగ్గర అంతే ఉంది. ఈసారి గాజులు తాకట్టు పెట్టుకుని కూర్చున్నాను."

"గాజులా!" అంది గుమ్మం దగ్గర నిలబడ్డ వేలందారు భార్య. "అమ్మా, నీకేమైనా మతిపోయిందా? ఈ కాగితం ఏం చేసుకుంటావే?"

"చదువుతానే! మీ ఇద్దరికీ అన్నం పెట్టాలంటే ఆ పులి కథ చదవాల్సి వచ్చేది. ముద్దకో బొమ్మ. చివరి వారం పత్రిక రాలేదు. మీరు ఎదిగి మర్చిపోయారు. నాకు మాత్రం ఆ తోక ఎవరెత్తుకుపోయారో ఇప్పటిదాకా తెలీదు. పోయిన నెల అమ్మిన పులి పేజీలోనైనా తేలుతుందేమోనని పాడాను."

"నన్నడిగితే ఊరికే చెప్పేవాణ్ణి కదండీ!" అన్నాడు వేలందారు నీరసంగా.

"అడిగాను. ఇంటివాళ్ళకి ముందుగా చెబితే అన్యాయం, కొన్నవాళ్ళే విప్పాలన్నారు. సరే కొనుక్కుందామంటే ఇంటివాళ్ళు కొనకూడదంటున్నారు. గోడ నిండా ఏవేవో రాశారట, ఇందాక అమ్మాయి చెప్పింది. అన్నీ చెప్పిన మనిషి కథొక్కటీ ఎందుకు చెప్పరు?"

వేలందారు కప్పి ఉన్న పేజీ వైపు చూశాడు. ఎలాగూ మునిగాం, ఇంక తడిస్తే ఏం, తడవకపోతే ఏం అనుకున్నాడు. గోధుమరంగు కాగితం విప్పేశాడు. సాయంత్రపు అలసటంతా ఉన్న గొంతుతో, ఒక్కో బొమ్మనూ వేలితో చూపిస్తూ చదవడం మొదలుపెట్టాడు.

పులి ఒక ఇరుకు వీధిలో నడుస్తోంది. ఒక గుమ్మం ముందు ముసలామె ఊడుస్తోంది. ఆమె చేతిలో చీపురు చారలు చారలుగా ఉంది. పులి ఆగింది. ముసలామె తలెత్తి, "ఇది నీదా నాయనా? రోడ్డు మీద దొరికింది. నడుం వంచకుండా ఊడవచ్చు, మహా బాగుంది," అంది. తర్వాతి బొమ్మలో మాటల్లేవు. పులి ఆ వాకిలి వైపే చూస్తోంది, అద్దంలా ఉంది వాకిలి. ఆఖరి బొమ్మలో పులి వెనుదిరిగి పోతూ అంటోంది: "ఉంచుకోండమ్మా. ఇన్నాళ్ళూ అది లేకుండానే నడిచాను."

ముప్పై కుర్చీల్లో ఆ కథను పూర్తిగా చదివినవాడు అంతవరకూ ఒక్కడూ లేడు. సిమెంటాయన కళ్ళు తుడుచుకున్నాడు. డాక్టరు కూడా ముక్కు చీదాడు, దేనికైనా మంచిదని కిటికీ వైపు తిరిగి.

"ఓహో," అంది లౌడ్‌స్పీకర్. "నేననుకుంటూనే ఉన్నాను, ఎవరో ఆడదాని దగ్గరే ఉంటుందని. సరే అల్లుడుగారూ, నాకింక పేజీ అక్కర్లేదు. గాజులు విడిపించుకు రావాలి. ఉంటాను." ఫోను ఠక్కున పెట్టేసింది.

వేలందారు కుర్చీలో కూలబడ్డాడు. ఉన్న ఒక్క నిజమైన బేరం కూడా పోయింది.

"ఎనభై," అన్నాడు సిమెంటాయన, మెట్లమీద కాకుండా కుర్చీలోంచే, చెయ్యెత్తి.

"వేలం రద్దయిందండీ."

"అయితే మళ్ళీ పెట్టండి. అందరి ముందూ విప్పారు, అందరి ముందూ చదివారు. ఇంకేం కావాలి? ఎనభై."

"తొంభై!" అన్నాడు డాక్టరు. వెనక వరసలో ఎప్పుడూ పాడని ముసలాయన ఒకడు లక్ష అన్నాడు. అక్కడినుంచి ఎవరు ఎంత అన్నారో వేలందారు భార్య అందుకుంటే గానీ లెక్క తేలలేదు. చివరికి పేజీ సిమెంటాయనకు దక్కింది, కనీస ధరకు ఏడింతలకు.

అందరూ మెట్లు దిగుతుంటే డాక్టరు వెనక్కి వచ్చాడు. వేలందారు చెక్కు పుస్తకం తీశాడు. "పోయిన నెల మీరు ఎక్కువ కట్టింది ఎంతో చెప్పండి, రాసిచ్చేస్తాను."

"ఉంచండి, ఉంచండి." డాక్టరు ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఇలాంటి ఎత్తు నేను జన్మలో చూళ్ళేదు! మా ఆవిణ్ణి నవ్వులపాలు చేశారు, సిమెంటాయన్ని మెట్లమీద పట్టించారు, అత్తగారి చేత గాజుల మాట చెప్పించారు, నీరసంగా కథ చదివి అందరినీ ఏడిపించారు, ఏడింతలు లాగారు. సంఘంలో అందరికీ చెబుతాను. వచ్చే వేలానికి కుర్చీలు చాలవు చూస్కోండి."

"అది ఎత్తు కాదండీ. నిజంగా నాకేమీ తెలీదు."

"ఆహా! అదీ, ఆ మొహమే!" అన్నాడు డాక్టరు కన్నుగీటి.

మెట్లమీద ఆగి ఉన్న సేకర్తలు చప్పట్లు కొట్టారు. అంతమంది కలిసి వేలందారును మెచ్చుకోవడం అదే మొదటిసారి. వాళ్ళలో ఆయన్ని నమ్మినవాడు ఒక్కడూ లేడు.